చెదపుట్టకు సున్నం

నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. రైల్వే వారు ఆ సంగతి గమనించి నన్ను సెలవుల సెక్షన్లో కూర్చోబెట్టారు. ఎవరు ఎందుకు సెలవు పెట్టారో చదివి, నమ్మినట్టు సంతకం చెయ్యడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో నా చదువు అక్కరకొచ్చింది ఒకేసారి, ఆఫీసులో మనీప్లాంటు ఎండిపోయినప్పుడు. అది చచ్చిపోయిందని నేనే ధ్రువీకరించాను.

అలాంటి నన్ను పట్టుకుని ఒక అడవికి కాపలా పెట్టారు.

అడవి అంటే మరీ అడవి కాదు. ఖరగ్‌పూర్ ఊరి అంచున, వాడకం మానేసిన సైడింగు పట్టాల పక్కన, స్టీము ఇంజిన్ల కాలంలో బూడిద పోసిన దిబ్బ ఒకటుంది. చాలాకాలం దాని మీద గడ్డి కూడా ఆలోచించుకుని మొలిచేది. కలకత్తా నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చి, ఆఫీసర్ల అనుమతి తీసుకుని, ఆ బూడిద మీద ఎర్రమట్టి పరిచి, ఈ ప్రాంతంలో ఒకప్పుడు ఉండిన చెట్లనే మళ్ళీ నాటారు. గుగ్గిలం, ఇప్ప, తునికి, మోదుగ, కానుగ. నాటడం ఒక పూట పండగ. టోపీలు, ఫోటోలు, సమోసాలు. తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని చూసుకోవడమనే పని మిగిలింది. దానికి సమోసాలుండవు. అందుకే ఆ పనికి ఎవరైనా చదువుకున్నవాళ్ళు ముందుకు రావాలని సంస్థ తరఫున వచ్చిన దీదీ అడిగినప్పుడు సభలో గొప్ప నిశ్శబ్దం ఏర్పడింది. ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

పని కష్టమైందేమీ కాదు. నెలకోసారి పాతిన గుంజల దగ్గర నిలబడి, ఎప్పుడూ నిలబడిన చోటే నిలబడి, అదే దిక్కుకు ఫోటో తియ్యాలి. వయ్యారిభామను పీకాలి. ఒళ్ళంతా దురద పుట్టించే కలుపుకు ఆ పేరు పెట్టిన పూర్వీకుడెవరో నాకు బంధువైతే బాగుండునని ప్రతిసారీ అనుకుంటాను. తలంబ్రాల కంపను వేళ్ళతో సహా లాగాలి. వెదురు బద్దలతో చేసిన చతురస్రం ఒకటి ఇచ్చారు. దాన్ని చూడకుండా విసిరి, అది పడిన చోట లోపల ఏం మొలిచిందో చూడాలి. ఇక చెయ్యకూడని పనులు: రాలిన ఆకు ఊడ్చకూడదు, పడిన దుంగ జరపకూడదు, చెదపుట్ట ముట్టుకోకూడదు. ఏమీ చెయ్యకపోవడంలో ప్రభుత్వోద్యోగిగా నాకు అనుభవం ఉంది కాబట్టి నేను తగినవాణ్ణేనని తర్వాత్తర్వాత అనిపించింది.

అయితే ఆ నేల ఇచ్చింది గడువు మీద. ఆ గడువు ఈ ఏడు తీరుతుంది. దీదీ వచ్చి చూసి, దిబ్బ తన కాళ్ళ మీద తాను నిలబడిందని చెబితే నేల అడవికే ఉండిపోతుంది. లేదంటే స్కూటర్ల స్టాండు. దానికోసం ఎవరో వచ్చి టేపు పట్టుకుని కొలతలు కూడా తీసుకుపోయారు. కాళ్ళ మీద నిలబడడమంటే ఏమిటని అడిగితే దీదీ చెప్పిన గుర్తు ఒకటే.

"నాటినవి బతికితే మీ నీళ్ళ గొప్ప దాదా. నాటనివి మొలిస్తే నేల గొప్ప. నేను రెండోది చూడ్డానికొస్తాను."

నాటనివేవీ నాకు అప్పటివరకూ కనపడలేదు. వెదురు చతురస్రాన్ని ఎక్కడ పడితే అక్కడ విసరమని శాస్త్రం చెబుతుంది. నా చెయ్యి మాత్రం, తూర్పు మూల తుప్పల్లో పాములున్నాయన్న పుకారును గౌరవించి, దాన్ని ఎప్పుడూ కాలిబాట పక్కనే పడేసేది. బాట పక్కన మొలిచేవి బీడీ ముక్కలు.

స్కూటర్ల స్టాండు వస్తే నాకు పోయేదేమీ లేదు. నాకొక స్కూటరుంది. పోయేదంతా మా మావగారికి.

మావగారు వర్క్‌షాపులో పెయింటరు. వ్యాగన్లకు రంగులు వేసి, వాటి మీద తెల్ల అక్షరాలు రాసి రిటైరయ్యారు. క్వార్టరు వదిలేసి ఊళ్ళోనే ఖరిదాలో ఉన్న మా ఇంటికొచ్చాక, చేతులు ఊరుకోక, గేటుకు రంగు వేశారు. తర్వాత కిటికీలకు, సైకిలుకు, తులసికోటకు, పప్పుల డబ్బాలకు వేశారు. మా ఆవిడ నిద్రలేచి చూస్తే రోకలి కూడా వ్యాగను రంగులోకి మారి ఉంది. ఇంట్లో ఇక రంగు పడనివాళ్ళం మేమిద్దరమే మిగిలామని గ్రహించి, ఆమె తండ్రిని నాతో పాటు దిబ్బకు తోలింది. తోడుగా ఆయన పాత స్నేహితుడు, రిటైర్డ్ ఫిట్టరు ఒకాయన కూడా తగిలాడు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. చుట్టరికమేమీ లేదు, ఒకే షెడ్డు.

మొదటిరోజే మావగారు నేల వంక అనుమానంగా చూశారు.

"అల్లుడుగోరూ, ఈ ఆకులెవులు ఎత్తుతారు?"

"ఎవరూ ఎత్తరు మావయ్యగారూ. అవి అక్కడే కుళ్ళాలి."

"కుళ్ళాల?"

"కుళ్ళాలి."

"ఇనీసినావా బావా," అన్నారు ఫిట్టరుతో. "సదువుకున్నోరు. కుళ్ళబెట్టడానికి కూడా ప్లానుంటాది."

కానీ ఆ చోటు ఆయనకు పట్టుకుంది. పొద్దున్నే లేచి, నీళ్ళ డబ్బా సైకిలుకు కట్టుకుని, నేను పళ్ళు తోముకునేలోపే దిబ్బ మీదుండేవారు. ఇంటికొచ్చాక ఏ మొక్క చిగురేసిందో, ఏ పిట్ట వాలిందో కూతురికి అన్నం మధ్యలో ఆపి మరీ చెప్పేవారు. అంతకుముందు ఆయన భోజనం మొత్తంలో మాట్లాడేది ఒకే మాట, "మజ్జిగ". అందుకే గడువు దగ్గరపడుతుంటే ఇంట్లో మా ఆవిడే ఎక్కువ కంగారు పడింది. "స్టాండు వచ్చిందంటే నాన్న మళ్ళీ మజ్జిగ దగ్గరకొచ్చేస్తారండీ," అంది. నేను రోకలిని తలుచుకున్నాను.

సరిగ్గా అప్పుడే టెక్కలిలో మా అక్క కూతురి పెళ్ళి వచ్చింది. మావగారు రానన్నారు. దిబ్బను ఎవరు చూస్తారని ఆయన ప్రశ్న. మేమిద్దరం వెళ్ళాం. పెళ్ళి భోజనాల పంక్తిలో ఉండగా దీదీ ఫోను చేసింది. సోమవారం పొద్దున్నే వస్తానంది. ఆకు వదిలేసి, చెయ్యి కడుక్కోకుండానే మావగారికి చేశాను.

"మావయ్యగారూ, సోమవారం దీదీ వస్తోంది. ఇన్‌స్పెక్షను."

అవతల ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిన చప్పుడైంది.

"ఇన్‌స్పెక్షనా?"

"అవును. మీరేం చెయ్యకండి. ఉన్నదున్నట్టు ఉండనివ్వండి. అస్సలు శ్రమపడొద్దు."

"అలగే అల్లుడుగోరూ. మీరు నిశ్శింతగా పెళ్ళి సూసుకోండి."

ఆ గొంతులోని ఉత్సాహం నాకు అప్పుడే అనుమానం కలిగించాల్సింది. మా వాళ్ళలో విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి వద్దు వద్దన్నవాడికి రెండు గరిటెలు ఎక్కువ పడతాయి. అల్లుడు వద్దన్నాడంటే అది మొహమాటం. పైగా ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో పనిచేసిన మనిషికి ఇన్‌స్పెక్షను అన్న మాట చెవిలో పడ్డాక ఏమీ చెయ్యకపోవడమనేది ఉండదు. జనరల్ మేనేజరు వస్తున్నాడంటే అక్కడ కదలనిదానికి సున్నం వేస్తారు, కదిలేదానికి సెల్యూటు నేర్పుతారు.

ఆదివారం పొద్దున మా రైలు హిజిలీ దాటి, సిగ్నలు కోసం నెమ్మదించింది. దిబ్బ కనపడుతుందని కిటికీ దగ్గర జరిగి కూర్చున్నాను. కనపడింది. తెల్లగా కనపడింది.

"ఏమండీ, మంచు పడిందా?" అంది మా ఆవిడ.

ఖరగ్‌పూర్‌లో మంచు పడడం కంటే ఘోరమైనదేదో జరిగిందని నాకు అర్థమైంది. ఆమెను సామానుతో ఆటో ఎక్కించి, నేను పెళ్ళి చొక్కాతోనే దిబ్బకు వెళ్ళాను.

ప్రవేశం దగ్గర ముగ్గుంది. ఫిట్టరుగారి భార్య వేసిందట. దాని మీదుగా దాటి లోపలికి వెళ్తే మామిడాకుల తోరణం. కాలిబాటకు రెండు పక్కలా రాళ్ళు, సైజులవారీగా, ఒకటి తెలుపు ఒకటి జాజు. ప్రతి చెట్టు మొదలుకూ నడుం ఎత్తున సున్నం, పైన ఎర్ర పట్టీ. చెట్లన్నీ అటెన్షన్‌లో నిలబడి ఉన్నాయి. నేల మీద ఒక్క ఆకు లేదు. తూర్పు మూల తుప్పలు కొట్టేసి, గడ్డి కోసేసి, అద్దంలా చేశారు. పడి ఉన్న దుంగల్ని కొలతకు కోసి ఒక పక్క పేర్చారు. మధ్యలో చెదపుట్ట ధగధగా మెరుస్తోంది. దానికీ సున్నం పడింది. దాని మీద నల్ల రంగుతో, వ్యాగను మీద రాసే అందమైన అంకెలో, ఒకటి అని ఉంది.

పుట్ట పక్కన కుర్చీ. కుర్చీ వీపు మీద తెల్ల టర్కీ తువ్వాలు. ఆఫీసరు కుర్చీకి తువ్వాలు లేకపోతే ఇన్‌స్పెక్షను చెల్లదు.

మావగారు కుంచె చేత్తో పట్టుకుని ఎదురొచ్చారు. ఒంటి మీద కూడా అక్కడక్కడా సున్నం ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఎలగున్నాది అల్లుడుగోరూ?"

మనిషిని అంత సంతోషంగా చూశాక నిజం చెప్పడానికి ఒక రకమైన ధైర్యం కావాలి. అది నాకు లేదు. వేరే దారి పట్టాను.

"ఈ పుట్టకు నెంబరెందుకు మావయ్యగారూ? రెండోది లేదు కదా?"

"రేపు పుడితే నెంబరుండాల కదేటి? ఆస్తి అన్నాక నెంబరుండాల."

"ఆకులేవీ?"

"ముడతలు పడ్డ ఆకు ఒక్కటి దొరికితే సూపించండి," అన్నాడు వెనకనుంచి ఫిట్టరు, ఛాతీ విరుచుకుని. "బండెడు చెత్త. మునిసిపాలిటీ బండికి ఎత్తించీసినాం."

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. దీదీకి కావలసింది శుభ్రం కాదని, ఆకు నేలకు అన్నమని, దుంగలో పురుగులుంటాయని, పురుగుల కోసం పిట్టలు వస్తాయని. ఈ దిబ్బ చూసి ఆవిడ పార్కు అనుకుంటే పార్కుకు గడువు పొడిగించరని. మావగారు వింటూ వింటూ కుంచెను మెల్లగా డబ్బాలో పెట్టేశారు.

"ఐతే నానే దీన్ని స్కూటర్లకి ఇచ్చీసినాను," అన్నారు.

వర్క్‌షాపు మనుషులు విచారంలో ఎక్కువసేపు ఉండలేరు. కాస్త తేరుకుని ఫిట్టరే అన్నాడు, "ఐతే మురికి సేద్దాం. అదెంత పని."

అది ఎంత పనో ఆ రోజు తెలిసింది. సున్నం కడుగుదామంటే జిగురు కలిపి వేశారట, వర్షాకాలం దాటినా ఊడదని గర్వంగా చెప్పారు. అందుకని ఆకుల మీద పడ్డాం. మా ఆకులు తిరిగిరావు. రైల్వే కాలనీలో ఊడ్చేవాళ్ళు కుప్పలు పోసే చోటికి సామాన్లు మోసే వాన్ రిక్షా కట్టుకుని వెళ్ళి, ఎండుటాకులు ఇమ్మని అడిగాను. ఊడ్చే ఆవిడ చీపురు భుజాన వేసుకుని నన్ను పైనుంచి కిందికి, ముఖ్యంగా నా పెళ్ళి చొక్కాను, చూసింది.

"చెత్త తీసుకుపొమ్మని అడిగేవాళ్ళను రోజూ చూస్తాను బాబూ. ఇమ్మని అడిగినవాడివి నువ్వే."

ధారాళంగా ఇచ్చింది. అందులో బాదం, యూకలిప్టస్, అశోక ఆకులు, కొన్ని చిప్స్ పొట్లాలు ఉన్నాయి. దిబ్బకు తెచ్చి చల్లడం మొదలుపెట్టాం. మావగారు చల్లిన చోట ఆకులన్నీ వరసలో పడ్డాయి. ఫిట్టరు ఒక ఆకు పట్టుకుని నిలబడి అడిగాడు.

"ఆకుకీ ఆకుకీ ఎంత ఎడం ఉండాల?"

"ఎడం లేదు బాబాయిగారూ. ఎలా పడితే అలా."

"ఎలా పడితే అలా అంటే, ఎలగ?"

మధ్యాహ్నానికి మా ఆవిడ క్యారేజీ పట్టుకొచ్చింది. నేల మీద వరసలు చూసి, నవ్వాపుకోలేక తోరణం గుంజకు ఆనుకుని నిలబడిపోయింది. తర్వాత చెంగు దోపుకుని తనూ దిగింది. మాలో సహజంగా చిందరవందర చెయ్యడం తెలిసింది ఆమెకొక్కదానికే. పిల్లల్ని పెంచినావిడ.

తూర్పు మూలకు వెళ్ళేసరికి మావగారు చేతులు అడ్డం పెట్టారు. అక్కడ నేల మీద సున్నంతో గుండ్రాలు గీసి ఉన్నాయి, అరచేయంతవి, అక్కడొకటి ఇక్కడొకటి. నడుం పడిపోయి ఉన్న నేను వాటిని ముగ్గులో భాగమనుకున్నాను.

"ఇక్కడ ఆకులెయ్యకండి. ఇది ఎగ్జామినరుకి సూపించాల్సిన మార్కు."

అలాగే వదిలేశాం.

సోమవారం పొద్దున దీదీ వచ్చింది. చిన్న వయసు, పెద్ద సంచీ. మాట్లాడేది బెంగాలీ, నేను ఇక్కడ తెలుగులో పెడుతున్నాను, ఒక్క కాకూ తప్ప; అది మావగారిని బాబాయీ అని పిలవడం. ముగ్గు తొక్కకుండా దాటింది. తోరణం కింద తల వంచింది. చెదపుట్ట దగ్గర చాలాసేపు నిలబడింది.

"ఇదేంటి కాకూ?"

"ఒకటో నెంబరు," అన్నారు మావగారు, నేల చూపులు చూస్తూ.

ఆవిడ పుట్ట ఫోటో తీసుకుంది. తర్వాత వంగి, ఒక ఆకు తీసింది.

"దాదా, యూకలిప్టస్ ఎక్కడినుంచి వచ్చింది?"

"గాలి," అన్నాను.

ఇంకోటి తీసింది. "చిప్స్ పొట్లం?"

"అది కూడా గాలే. మొన్న కొంచెం గట్టిగా వీచింది."

ఆవిడ కళ్ళలోకి చూశాక ఆ గాలి కథ సాగదని తెలిసింది. ఉన్నదంతా చెప్పేశాను, టెక్కలి భోజనాల దగ్గరనుంచి. ఆవిడ నవ్వలేదు. నాకు స్కూటర్లు కనపడసాగాయి. ఫిట్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మావగారు ముందుకొచ్చారు.

"తప్పంతా నాది దీదీ. సుబ్బరం నాను సేసినాను. నేలనేటీ అనకు. ఇంకోటి కూడా ఉన్నాది, దాచకుండా సూపించీస్తాను."

ఆమెను తూర్పు మూలకు తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ తన పాత పద్ధతి చెప్పుకొచ్చారు. వ్యాగను మరమ్మతుకొస్తే, డ్రాయింగులో లేనిదేదైనా దానికి తగిలించి ఉంటే పెయింటరు దాన్ని పీకడు. చుట్టూ తెల్లగా గుండ్రం గీసి వదిలేస్తాడు. తియ్యాలా ఉంచాలా అన్నది ఎగ్జామినరు చెబుతాడు. ఈ మూల తుప్పలు కొట్టినప్పుడు కింద చిన్న చిన్న మొక్కలు కనపడ్డాయి. కలుపు కాదు, ఆకు వేరుగా ఉంది. తాము నాటినవీ కావు. నాటినవన్నీ ఆయనకు పిల్లల్లా తెలుసు.

"మనోళ్ళు కారు దీదీ. టిక్కెట్టు లేకుండా ఎక్కీసినోళ్ళు. అందికే మార్కు పెట్టినాను. పీకీమంటే పీకీస్తాను."

దీదీ గుండ్రాల వైపు చూసింది. తర్వాత వెనక్కొచ్చి, ఆఫీసరు కుర్చీ మీది తెల్ల తువ్వాలు లాగి, మూలలో నేల మీద పరిచి, దాని మీద మోకాళ్ళూనింది. ఒక గుండ్రంలో కొడిసెపాల, దాని గింజ మాత్రం నిజంగా గాలికే వచ్చింది. ఇంకోదాంట్లో తునికి. మరోదాంట్లో నేరేడు, అది మేము ఎన్నడూ తేలేదు. ఏదో పిట్ట, ఎక్కడో తిని, ఇక్కడికొచ్చి బాధ్యతగా రెట్ట వేసింది. చివరి గుండ్రంలో రెండాకుల గుగ్గిలం, వేలెడంత, ఎర్రగా, అప్పుడే స్నానం చేయించిన పసిపిల్లలా ఉంది.

నేనూ మోకాళ్ళ మీద పడ్డాను. పాములు గుర్తు రాలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత నా డిగ్రీ నా లోపల ఎక్కడో కదిలి దగ్గింది. పేర్లు ఒక్కొక్కటే నోటికొచ్చాయి, లాటిన్‌తో సహా. మా ఆవిడ నా వంక కొత్తగా చూసింది. పెళ్ళినాడు కూడా అలా చూడలేదు.

"వీటిని ఎవరూ నాటలేదా కాకూ? నిజంగా?"

"వొట్టు దీదీ. మాకు తెలీకుండా ఎక్కినారు."

అప్పుడు నవ్వింది దీదీ. తువ్వాలు మీద వెనక్కి కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నాటనివి ఉన్నాయో లేవో వెతకడానికి మామూలుగా ఒక పూటంతా పడుతుందని, ఇలా చుట్టూ సున్నం గీసి, ఊడ్చి, తోరణం కట్టి ఎవరూ ఇంతవరకూ చూపించలేదని చెప్పింది. తుప్పలు కొట్టినందుకు మావగారిని చీవాట్లు పెట్టింది. దుంగలు కోసినందుకు ఇంకో విడత పెట్టింది. అన్నీ పెట్టాక, నేల నిలబడిందని చెబుతానంది.

మావగారికి రెండుసార్లు అనువదించాల్సి వచ్చింది. బెంగాలీ ఆయనకు నాకంటే బాగా వచ్చు. వినాలని ఉండి మళ్ళీ చెప్పించుకున్నారు.

"ఐతే పీకొద్దా?"

"వీళ్ళ కోసమే కదా కాకూ ఇదంతా."

గడువు పొడిగించారని కొన్నాళ్ళకు దీదీ ఫోను చేసింది. దాంతోపాటు ఒక షరతు కూడా. దిబ్బ మీద ఇక ఎవరూ ఏదీ శుభ్రం చెయ్యకుండా చూసే మనిషి ఒకరు కావాలి, ఆ పని కాకూ చెయ్యాలి. ఆయన మొదట నొచ్చుకున్నారు. చెయ్యకుండా చూడ్డం కూడా ఒక పనేనా అని అన్నం దగ్గర కూతుర్ని అడిగారు. మజ్జిగ సంగతి మర్చిపోయి చాలాసేపు అడిగారు. మర్నాడు పొద్దున్నే గార్డు ఈల ఒకటి ఎక్కడో సంపాదించి మెళ్ళో వేసుకుని వెళ్ళారు.

ఇప్పుడు ఆయన ముందు దిబ్బ మీద ఆకు ఎత్తడం ఎవరి తరమూ కాదు. మా ఆవిడ చెప్పుకు అంటుకున్న ఆకును బయటికి విసిరితే, వెళ్ళి వెతికి తెచ్చి లోపల వేశారు. వానలకు గుగ్గిలం మొక్క ఇంకో రెండాకులు తొడిగింది. నేను చతురస్రం తూర్పు మూలకే విసురుతున్నాను, ధైర్యంగా, ఆయన ముందు నడిస్తే.

మొన్న ఆదివారం ఫిట్టరుగారు నడిచి నడిచి అలసి, పక్కకు వాలి ఉన్న ఎండు దుంగను కాలితో కాస్త సర్ది, దాని మీద కూర్చోబోయారు. ఈల మోగింది.

"బావా, లెగు!"

"ఏటయింది? పామా?"

"ఆ దుంగ డ్యూటీలో ఉన్నాది. కూకోకు. ఎలగుందో అలగ పెట్టు."

ఫిట్టరుగారు లేచి, దుంగను మళ్ళీ వంకరగా జరిపి, వంకర సరిపోయిందా అని అడిగి, ఇంకొంచెం వంకర చేసి, మా అందరికీ టీ చెప్పడానికి వెళ్ళారు.